అక్క గ్లోవ్స్ మర్చిపోలేదు

అక్క పోయిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. మా బైక్ గ్రూప్‌లో మహేందర్ పెట్టాడు, ఆమె హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని నవ్వుతున్న ఫోటోతో సహా. రెండు నెలలుగా ఆస్పత్రిలోనే ఉంది. పాంక్రియాస్ క్యాన్సర్. ఈ కబురు వస్తుందని అందరం అనుకుంటూనే ఉన్నాం. ఫోటో కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. తర్వాత ఒక్కొక్కరూ తమకు గుర్తున్నవి రాయడం మొదలుపెట్టారు. ఐదో ఆరో మెసేజ్ ఇది: "ఊరందరికీ హీటెడ్ గేర్ పాఠాలు చెప్పి, తనే గ్లోవ్స్ మర్చిపోయి వచ్చిన మా అక్క. వియ్ విల్ మిస్ యూ." దాని కింద బోలెడు ప్రేమ గుర్తులు.

ఆఫీసు కిచెన్‌లో నిలబడి ఆ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. అక్క గ్లోవ్స్ మర్చిపోలేదు. ఆ సంగతి నిన్నటిదాకా ఇద్దరికి తెలుసు. ఇప్పుడు ఒక్కడికే తెలుసు.

ఆమె పేరు రాయడం లేదు. మేమెవరమూ ఎప్పుడూ పేరుతో పిలవలేదు కూడా. భీమవరం పక్క మనిషి. షికాగో పక్కన షామ్‌బర్గ్ చుట్టుపక్కల ఉండే మా పదిమంది తెలుగు బైకర్లలో ఆమె ఒక్కతే ఆడమనిషి, అందరికంటే పెద్దది, అందరికంటే పొట్టిది. సిగ్నల్ దగ్గర బండి ఆపితే రెండు కాళ్ళూ నేలకి ఆనేవి కావు. ఒక పక్కకి ఒరిగి, ఎడమ కాలి బొటనవేలి మీద అంత బండినీ నిలబెట్టేది. చూసేవాళ్ళకి గుండె జారేది. ఆమె మాత్రం ఆ వేలి మీద నిలబడే పక్క కారులో పిల్లలకి చెయ్యి ఊపేది.

ఒక క్యాన్సర్ సెంటర్‌లో నర్సు. కీమో మందు ఎక్కించే చోట. మందు ఎక్కీ ఎక్కీ చేతుల్లో నరాలు అణిగిపోయినవాళ్ళకి సూది పెట్టాలంటే మిగతా నర్సులు రెండుసార్లు గుచ్చి, మూడోసారికి అక్కని పిలిచేవాళ్ళట. ఆమె లైటు వెయ్యదు, చెయ్యి చరచదు. కళ్ళు మూసుకుని కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు చర్మం మీద ఆనించి మెల్లగా జరుపుతుంది. "చూస్తే దొరకదు తమ్ముడూ. లోపల చిన్న రబ్బరు ముక్కలా తగుల్తది. అది తగిలిందంటే ఇంక గుచ్చడవే" అని నాకు ఒకసారి చెప్పింది, టేబుల్ మీద నా చెయ్యి లాక్కుని చూపిస్తూ.

షికాగో చలిలో నవంబర్ వచ్చిందంటే అందరూ బళ్ళకి గుడ్డలు కప్పేస్తారు. అక్క కప్పేది కాదు. రోడ్డు మీద మంచు, తడి లేకపోతే చాలు, జనవరిలో కూడా డ్యూటీకి బండి మీదే. ఆదివారం తెలుగు చర్చికీ బండి మీదే. అందుకు ఆమె దగ్గరున్న మంత్రం వేడెక్కే బట్టలు. పైకి కనిపించే దళసరి జాకెట్ కింద ఇంకో పల్చటి జాకెట్, దాని గుడ్డలో కలిపి కుట్టేసిన సన్నని తీగలు. దాని వైరు నడుము దగ్గర నుంచి బయటికొచ్చి బండి బ్యాటరీకి తగులుకుంటుంది. చేతుల చివర్ల నుంచి ఇంకో రెండు వైర్లు వచ్చి గ్లోవ్స్‌కి తగులుకుంటాయి. నడుము దగ్గర చిన్న డయల్. ఎక్కువ తక్కువలు దానితోనే.

ఆ నడుము వైరు ఊడదీయడం ఎప్పుడూ మర్చిపోయేది. బండి దిగి రెండడుగులు వేసేసరికి వైరు బిగుసుకుని వెనక్కి లాగేది. ప్రతిసారీ ఉలిక్కిపడేది, ప్రతిసారీ అదే మాట అనేది: "ఇదిగో, కొంగు పట్టుకుంది." అని వెనక్కి వెళ్ళి, బండి మీద చెయ్యేసి నిమిరి, వైరు ఊడదీసేది.

బండిని పేషెంట్‌లా చూసేది. హ్యాండిల్ మీద చిన్న వోల్ట్ మీటర్ బిగించుకుంది. దాన్ని "పల్స్" అనేది. బట్టలకి కరెంటు ఇచ్చి ఇచ్చి బ్యాటరీ నీరసించిపోతే ఆ అంకె తగ్గుతుంది. తగ్గగానే డయల్ తగ్గించేది. "మనకి వెచ్చగా ఉంటే సరిపోదు, దానిక్కూడా ఓపికుండాలి కదా" అనేది. వైర్లన్నీ ఆస్పత్రి తెల్ల టేపుతో చక్కగా అంటించి ఉండేవి, సెలైన్ గొట్టాల్లా.

రైడ్‌లో ఎక్కడ ఆగినా ముందు మా చేతులు చూసేది. ఒక్కొక్కరి గోరు నొక్కి వదిలేది. తెల్లబడిన గోరు మళ్ళీ ఎర్రబడడానికి ఎంతసేపు పట్టిందో పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది. ఆలస్యమైతే, "నువ్వు లోపలికెళ్ళి కూర్చో, కాఫీ తాగేదాకా లేవకు" అనేది. మహేందర్ లాంటి ఆరడుగుల మనిషి కూడా చెయ్యి చాపి బుద్ధిగా నిలబడేవాడు. కరీంనగర్ వాడు, గ్రూప్ నడిపేది వాడే, ఎవరి మాటా వినేవాడు కాదు. ఆమె ముందు మాత్రం, "చూడక్కా, నా గోర్లు మంచిగనే ఉన్నయ్" అని గొణిగేవాడు.

నేను గ్రూప్‌లో చేరిన ఏడాది అక్టోబర్‌లో, కొత్తవాళ్ళం ముగ్గురం ఉంటే ఆమే గేర్ షాప్‌కి తీసుకెళ్ళింది. నేను ముందే వారం రోజులు కూర్చుని ఒక స్ప్రెడ్‌షీట్ చేసుకున్నాను. ఏ జాకెట్ ఎంత, ఎన్ని స్టార్లు, వారంటీ ఎన్నాళ్ళు, అన్నీ. ఫోన్‌లో అది తెరిచి అక్కకి చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"బావుంది. నీ బండి ఎన్ని వాట్లు ఇస్తది?" అంది.

నాకు తెలియదు.

"అది ముందు చూడాలి కదా తమ్ముడూ. అది ఇచ్చేదెంత, మనం తాగేదెంత. జాకెట్టూ గ్లోవ్సూ ప్యాంటూ అన్నీ తగిలించి ఫుల్‌లో పెట్టావనుకో, చిన్న బండి రోడ్డు మధ్యలో పడుకుంటది."

పక్కన ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. నిజానికి వాళ్ళు మామూలుగానే నవ్వారు.

తర్వాత నాకు ఒక లోపలి జాకెట్ తొడిగి, వీపు మీద అరచేత్తో తట్టి చూసింది. నేను వదులుగా ఉన్నది కావాలన్నాను. "వదులైతే వేడి నీకు కాదు, గాలికి పోతది. ఇది ఒంటిని పట్టుకునుండాలి. కింద కాటన్ బనీను వెయ్యకు, చెమట పట్టిందంటే అదే చలి." ఇంకో మాట ఎప్పుడూ చెప్పేది: "చలేసాక ఆన్ చేస్తే ఏం లాభం? చలెయ్యకముందే చెయ్యాలి. గుండె దగ్గర వెచ్చగా ఉంటేనే రక్తం వేళ్ళదాకా వెళ్తది. లేదంటే ఒళ్ళు ముందు వేళ్ళనే వదిలేస్తది."

నేను ఆమె మాట వినలేదు. వైర్లు వద్దన్నాను. "ఒళ్ళంతా వైర్లు చుట్టుకోవడానికి నేనేమన్నా ట్రాన్స్‌ఫార్మర్‌నా అక్కా?" అన్నాను, ఈసారి అందరూ నా మాటకి నవ్వాలని. నవ్వారు. బ్యాటరీతో నడిచే గ్లోవ్స్ కొన్నాను. మణికట్టు దగ్గర చిన్న బ్యాటరీ ఉంటుంది, ఇంట్లో ఛార్జ్ చేసుకోవాలి. వైరు లేదు, గొడవ లేదు. స్ప్రెడ్‌షీట్‌లో అన్నిటికంటే ఎక్కువ స్టార్లు వాటికే.

"అవీ మంచివే. దగ్గరి దూరాలకి" అంది అక్క. "దూరం వెళ్తే మాత్రం రానూపోనూ చూసుకో. బ్యాటరీ కూడా చలికి ముడుచుకుంటది, మనలాగే. ఇంకో జత బ్యాటరీలు జేబులో వేసుకో, లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా."

ఇంకో జత కొనలేదు.

నవంబర్ చివరి శనివారం స్టార్వ్‌డ్ రాక్ పార్క్‌కి రైడ్ పెట్టాడు మహేందర్. పోనూ రానూ నూట ఎనభై మైళ్ళ పైనే. పొద్దున్న ఎనిమిదింటికి గ్యాస్ స్టేషన్ దగ్గర కలిశాం. ఎండ ఉంది, గాలి లేదు. టెంపరేచర్ ఇరవై ఎనిమిది ఫారెన్‌హీట్, అంటే నీళ్ళు గడ్డకట్టే చలికి ఇంకాస్త కింద. అక్క అందరి గేర్ చూస్తూ నా దగ్గరికి వచ్చింది.

"ఛార్జ్ ఫుల్ పెట్టావా?"

"ఫుల్ అక్కా."

రాత్రి ఛార్జ్‌లో పెట్టడం మర్చిపోయాను. పొద్దున్న అరగంట పెట్టాను. ఆకుపచ్చ లైటు రావాల్సిన చోట నారింజ రంగు లైటే ఉంది. కానీ అంతమంది ముందు ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. షాప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ జోకు వేసినవాణ్ణి కదా.

మధ్యాహ్నం భోజనానికి పార్క్ దగ్గర ఒక చిన్న డైనర్‌లో ఆగాం. అక్క నా పక్కనే కూర్చుంది, గోడకి ఉన్న ప్లగ్ చూపించింది. "ఇక్కడ పెట్టుకో, తినేలోపు కొంచెం ఎక్కుతది." అప్పటికే ఒక గ్లోవ్ చల్లబడింది. ఛార్జర్ నా బ్యాగ్‌లోనే ఉంది. "అవసరం లేదక్కా, ఇంకా సగం పైనే ఉంది" అన్నాను. ఆమె నా మొహం వైపు ఒక్క క్షణం చూసి, మెనూ తెరిచింది.

రైడ్‌లో అక్క ఎప్పుడూ అందరి వెనక వచ్చేది. ఎవరైనా ఆగిపోతే చూసుకోవడానికి. తిరుగు ప్రయాణంలో రెండు గ్లోవ్సూ చచ్చిపోయాయి. చుట్టూ కోసేసిన మొక్కజొన్న చేలు, గాలికి అడ్డమన్నదే లేదు. మొదట వేళ్ళు నొప్పి పుట్టాయి. తర్వాత నొప్పి తెలియడం మానేసింది. బ్రేక్ నొక్కుతున్నానో లేదో తెలియక బండి ఊగింది. వెనక నుంచి అక్క లైట్లు కొట్టి, నా పక్కకి వచ్చి, చేత్తో పక్కకి తియ్యమంది. ముందువాళ్ళు వెళ్ళిపోయారు. ఎగ్జిట్ దగ్గర ఒక గ్యాస్ స్టేషన్ ఉంటే ఆగాం. అరోరా ఇంకా నలభై మైళ్ళు. అక్కడ ఒక ఇండియన్ టీ షాప్‌లో అందరం కలవాలి.

అక్క నా గ్లోవ్స్ లాగి, గోళ్ళు నొక్కి చూసింది. "లోపలికి పద. అరగంట కూర్చుందాం. ఛార్జర్ ఉంది కదా, ఎక్కించుకో. వాళ్ళకి ఫోన్ చేద్దాం."

అంతే. ఆ అరగంట కూర్చుంటే సరిపోయేది. కానీ అరగంట ఆలస్యంగా వెళ్తే మహేందర్ అడుగుతాడు. అక్క ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది, ఆమెకి దాచడం రాదు. షాప్‌లో నేను వేసిన జోకూ బయటపడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ అని ఏడాదంతా నన్నే పిలుస్తారు. అదీ నా భయం. "వద్దక్కా, లేటైపోతుంది. మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది. మెల్లగా వెళ్ళిపోదాం" అన్నాను.

ఆమె ఆలోచించింది. లోపలికి వెళ్ళి చేతులు వెచ్చబెట్టే హ్యాండ్ వార్మర్ ప్యాకెట్లు అడిగింది. అయిపోయాయన్నారు. బయటికొచ్చి తన బ్యాగ్‌లో నుంచి ఒక వైరు, చిన్న స్పానర్ తీసింది. "నీ బండి బ్యాటరీ ఎక్కడుంది? సీటు కిందేనా? ఎత్తు." ఇంకెవరికైనా పనికొస్తుందని ఎప్పుడూ ఒక వైరు అదనంగా మోసుకు తిరిగేది. గ్లోవ్స్ వేసుకుంటే నట్టు పట్టు దొరకదు. ఉత్త చేతులతో, ఆ గాలిలో, మంచులా ఉన్న ఇనుము పట్టుకుని నా బ్యాటరీకి వైరు బిగించింది. పది నిమిషాలు పట్టింది. నేను నా చేతులు చంకల్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

తర్వాత తన గ్లోవ్స్ నా చేతులకి తొడిగి, వైరు తగిలించింది. ఆమె చెయ్యి పొట్టిదే కానీ లోపల ఇంకో సన్నని జత వేసుకోవడానికని పెద్ద సైజు కొనేది. నాకు కాస్త బిగుతుగా సరిపోయాయి. రెండు నిమిషాల్లో వేడి పాకింది. ఆ సుఖం ఇప్పటికీ గుర్తుంది.

"మరి నీకు?"

"నాకు జాకెట్ ఉంది కదా. నీ గ్లోవ్స్ ఇటియ్యి." లోపల చెయ్యి పెట్టి ఆగింది. "తడిగా ఉన్నాయేంటి?"

పొద్దున్న ఫుల్‌లో పెట్టుకుని చెమటలు పట్టించాను. ఆ మాట చెప్పలేదు. ఆమె వాటినే వేసుకుంది.

నలభై మైళ్ళు వచ్చాం. నేను ముందు, ఆమె వెనక. అద్దంలో ఆమె లైటు కనిపిస్తూనే ఉంది. కాసేపు ఎడమ చెయ్యి, కాసేపు కుడి చెయ్యి ఇంజన్ దగ్గరగా పెట్టుకుంటోంది. నేను ఆగొచ్చు. ఆగలేదు.

టీ షాప్ పార్కింగ్‌లో మిగతా బళ్ళన్నీ ఉన్నాయి, మనుషులు లోపలున్నారు. నేను బండి ఆపగానే ఆమె గ్లోవ్స్ తీసి, ఆమె బండి వెనక బ్యాగ్‌లో కుక్కేశాను. నా సీటు ఎత్తి వైరు కూడా లోపలికి తోసేశాను. ఆమె ఇంకా హెల్మెట్ తియ్యడానికి పెనుగులాడుతోంది. గడ్డం కింది క్లిప్ వేళ్ళకి అందడం లేదు. నేను తీశాను. "థాంక్స్ తమ్ముడూ" అంది. ఆమె థాంక్స్ చెప్పింది నాకు.

లోపల అందరూ లేచి చోటిచ్చారు. ఆమె నా గ్లోవ్స్‌ని పళ్ళతో పట్టి లాగింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కొనల నుంచి రెండో కణుపు దాకా మైనంలా తెల్లగా ఉన్నాయి. ఎవరో అరిచారు. మహేందర్ ఆ వేళ్ళూ చూశాడు, టేబుల్ మీద గ్లోవ్సూ చూశాడు. షాప్‌లో నాతో ఉన్నది మిగతా ఇద్దరు కొత్తవాళ్ళు, వాళ్ళు ఆ రోజు రాలేదు. ఆ గ్లోవ్స్ నావని అతనికి తెలియదు. అక్క ఎప్పుడూ అందరి వెనక వస్తుంది కాబట్టి, పొద్దున్నుంచి ఆమె చేతులకి ఏమున్నాయో ఎవరూ గమనించలేదు.

"గిదేందక్కా? నీ వైర్ గ్లోవ్స్ ఏవి? మర్చిపోయినవా?" అన్నాడు. భయంతో వచ్చిన నవ్వు నవ్వి, "అందరికీ క్లాస్ పీకి పీకి, నువ్వే మర్చిపోయినవా!" అన్నాడు.

మిగతావాళ్ళు కూడా నవ్వారు.

అక్క జవాబు చెప్పలేదు. నా వైపు చూడలేదు కూడా. ముందున్న టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. నిజం చెప్పడానికి నాకు చోటిచ్చింది. ఆ సంగతి నాకప్పుడే తెలుసు, ఆ నిమిషంలోనే తెలుసు. "కాదన్నా, నావల్ల" అని రెండు మాటలు. నోరు తెరిచాను. తెరిచి, అందరితో పాటు నవ్వాను.

ఆమె అప్పుడు తల ఎత్తి, మామూలు గొంతుతో, "గోరువెచ్చటి నీళ్ళు కావాలి. వేడివి వద్దు. ఎవరూ రుద్దకండి" అంది. గిన్నె తెచ్చింది నేనే. ఆమె చెయ్యి అందులో ముంచితే గిన్నె కదలకుండా పట్టుకుంది కూడా నేనే. రక్తం తిరిగొస్తుంటే నొప్పికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇరవై నిమిషాలు పట్టుకున్నాను. ఆ ఇరవై నిమిషాల్లోనూ చెప్పలేదు.

పొక్కులు వచ్చాయి, నల్లబడ్డాయి, ఊడాయి. కొత్త చర్మం వచ్చింది. వేళ్ళు నిలిచాయి కానీ ఆ రెండు కొనల్లో స్పర్శ తిరిగి రాలేదు. మార్చిలో ఆమెని సూదుల దగ్గర నుంచి తీసి, ఫోన్‌లో పేషెంట్లకి సలహాలు చెప్పే డెస్క్‌కి మార్చారు. ఆమే అడిగి మార్చుకుందట. "ఒకావిడకి నాలుగుసార్లు గుచ్చాను తమ్ముడూ. పాపం, ఏమీ అనలేదు" అని ఒక రైడ్‌లో ఎవరికో చెబుతుంటే విన్నాను. నాకు కాదు, పక్కవాడికి.

జోకు మాత్రం నిలిచిపోయింది. ప్రతి రైడ్ ముందూ గ్రూప్‌లో, "గ్లోవ్స్ చూసుకోండి, అక్కలా రావద్దు" అని ఎవరో ఒకరు పెట్టేవాళ్ళు. ఆమె కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టేది. ఒకసారి నేనూ పెట్టాను.

ఆ శీతాకాలమే వైర్లున్న గేర్ మొత్తం కొనుక్కున్నాను, ఆమె చెప్పినట్టే, ఒంటిని పట్టుకునుండేది. కొత్తవాళ్ళకి నేనే చెప్పడం మొదలుపెట్టాను. వాట్లు ముందు చూసుకోండి, చలెయ్యకముందే ఆన్ చెయ్యండి, కాటన్ వద్దు. అన్నీ ఆమె మాటలే. గ్రూప్‌లో నన్ను ఎక్స్‌పర్ట్ అనేవాళ్ళు. ఆమె వెనక నిలబడి వినేది, అప్పుడప్పుడూ తల ఊపేది. గోళ్ళు నొక్కి చూడడం మానేసింది. ఆ వేళ్ళతో నొక్కితే ఎంత గట్టిగా నొక్కుతోందో తనకే తెలియదట.

ఒక్కసారి మాత్రం చెప్పబోయాను. రెండేళ్ళ తర్వాత వాళ్ళ చర్చిలో క్రిస్మస్ భోజనానికి మా గ్రూప్ అందరినీ పిలిచింది. వంటింట్లో పెద్ద పళ్ళెంలో పులిహోర సర్దుతోంది. చుట్టూ ఎవరూ లేరు.

"అక్కా, ఆ రోజు అరోరాలో…" అన్నాను.

ఆమె చేతిలో గరిటె ఆగింది.

"నావల్లే అక్కా. నేను చెప్పి ఉండాల్సింది."

"నాకెందుకు చెప్తున్నావ్ తమ్ముడూ?" అంది. కోపం లేదు, నిజంగానే అడిగినట్టు అంది. "నాకు తెలుసు కదా. తెలియనోళ్ళకి చెప్పు."

"చెప్తానక్కా."

"సరే" అని పళ్ళెం ఎత్తి నా చేతికిచ్చింది. హాల్లో అందరూ ఉన్నారు. మహేందర్ ఉన్నాడు. ఆమె భర్త మైకులు సర్దుతున్నారు. పళ్ళెం టేబుల్ మీద పెట్టి, ప్లేటు తీసుకుని వరసలో నిలబడ్డాను. ఆ తర్వాత ఆమె బతికున్నన్ని రోజులూ నాతో బాగానే మాట్లాడింది. ఆ విషయం మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

పోయిన శనివారం ఆ చర్చిలోనే ఆమె జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాటలు, ప్రార్థన అయ్యాక ఆమె గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. మహేందర్ లేచి ఏడుస్తూ మాట్లాడాడు, చివర్లో గ్లోవ్స్ జోకు చెప్పాడు. కన్నీళ్ళ మధ్య హాలంతా నవ్వింది. కాలేజీలో చదువుతున్న ఆమె కూతురు కూడా నవ్వింది. ఆమె భర్త నవ్వలేదు, తల దించుకున్నారు. తర్వాత మైకు నా చేతికొచ్చింది. "హీటెడ్ గేర్ గురించి నాకు తెలిసిందంతా అక్క దగ్గర నేర్చుకున్నదే" అన్నాను. ఇంకా చెప్పాల్సింది ఉందని నిలబడ్డాను. మైకులో నా ఊపిరి వినిపించింది. థాంక్యూ అని కూర్చున్నాను.

భోజనాలయ్యాక జనం పల్చబడ్డారు. ఆమె భర్త నా దగ్గరికి వచ్చారు. మేం బావగారూ అని పిలిచేవాళ్ళం. తక్కువ మాట్లాడే మనిషి. "మీరు బాగా తెలిసినవారంటండి. ఇంట్లో ఆవిడ గేర్ ఉంది. ఎవరికి పనికొస్తదో చూసి ఇస్తారా?" అన్నారు.

అప్పుడు చెప్పాను. ధైర్యం వచ్చి కాదు. ఆయన నన్ను నమ్మి అడిగారు, ఆ నమ్మకాన్ని తప్పించుకోవడానికి ఇంకో దారి లేకపోయింది. నిలబడే మొత్తం చెప్పాను. నారింజ లైటు, డైనర్‌లో ప్లగ్, తడి గ్లోవ్స్, టీ షాప్. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"అయితే మర్చిపోలేదా?" అన్నారు చివరికి.

"లేదండి. నాకిచ్చింది."

"అందరూ నవ్వినప్పుడు మీరక్కడే ఉన్నారా?"

"ఉన్నాను."

ఆయన పక్కనున్న కుర్చీ వెనక భాగం పట్టుకున్నారు. "నాతో కూడా చెప్పలేదండి. మర్చిపోయావా అని అడిగితే ఊరుకుంది. నేను తిట్టాను. ఒకరోజు కాదు. మంచి పని పోగొట్టుకున్నావు నిర్లక్ష్యంతో, అని ఎన్నిసార్లన్నానో." కుర్చీని కాస్త ముందుకి జరిపారు. "ఓసారి కూరగాయలు తరుగుతా వేలు తెగింది. ఆవిడకి తెలీనే లేదు. బెండకాయలన్నీ రక్తం. నేను చూసి చెప్పాను. చెప్పి, గ్లోవ్స్ మర్చిపోయినోళ్ళకి అంతే అన్నాను."

క్షమించమని అడగలేదు. ఇన్నేళ్ళూ సిగ్గు నా ఒక్కడిదే అనుకున్నాను. ఆమె బతికుండగా ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ బెండకాయల రోజు ఆ ఇంట్లో ఆ మాట వినిపించేది కాదు. ఇప్పుడు చెప్పి నేను తేలికపడ్డాను, ఆ బరువు ఆయన మీద పడింది.

ఆయన కుర్చీలు మడతపెట్టి గోడకి చేర్చడం మొదలుపెట్టారు. నేనూ ఒక కుర్చీ అందుకున్నాను. ఆయన వచ్చి నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకున్నారు.

"మీరు వెళ్ళండి" అన్నారు.

వచ్చేశాను.